కుండీలో చోడి (రాగి), గంటి (సజ్జ), వరి: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో మా నర్సరీకి వచ్చి క్రోటన్లతో పాటు చోడి నారు కూడా అడిగేవాళ్లున్నారు. మంచిదే. కంకి ముడుచుకుని ఎర్రబడే రోజుల్లో చోడి ఏ పూలమొక్కకీ తీసిపోదు.

అపోహ: కిరాణా షాపు గింజలు మొలవవు.

అన్నీ అలా కాదు. చోళ్లు, గంటెలు నూర్పిడిలోనే పొట్టు వదిలేస్తాయి, గింజకి దెబ్బ తగలదు. మరీ పాతవి కాకపోతే మొలుస్తాయి. మొలకెత్తిన చోళ్లతోనే కదా పిల్లలకి పిండి చేసేది! కొర్రలు, సామలు, ఊదల సంగతి వేరు. షాపులో దొరికేది వాటిని మర పట్టి పొట్టు తీసిన బియ్యం. పొట్టుతో పాటు మొలక భాగం కూడా దెబ్బతినిపోతుంది. "విత్తనం బాలేదండీ" అని ఖాళీ కుండీ ఫోటో చూపిస్తారు, తీరా చూస్తే వేసింది కొర్రబియ్యం. పొట్టున్న కొర్ర నున్నగా మెరుస్తుంది, బియ్యం పాలిపోయి ఉంటుంది. పొట్టుతో ఉన్నవి రైతు దగ్గరే అడగండి. చోడిలో కొత్తదనం కావాలంటే ఇక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ల 'హిమ' రకం చూడండి, గింజ తెల్లగా ఉంటుంది.

అపోహ: వరి కుండీలో నీళ్లు నిలబెట్టాలి.

తడి ఆరకపోతే చాలు. పొలంలో నీరు కట్టడం చాలావరకు కలుపు అణచడానికే. ఇంట్లో నిలబెడితే పెరిగేది దోమలు.

అపోహ: ఊదారంగు గంటి ఒకసారి కొంటే చాలు, ఏటా అదే రంగు.

2003లో ఆల్ అమెరికా సెలక్షన్స్ (కొత్త తోట రకాల్ని పరీక్షించి బహుమతులిచ్చే అమెరికా సంస్థ) గోల్డ్ మెడల్ గెలిచిన పర్పుల్ మెజెస్టీ రకం ఇది. నీడలో ఆకుపచ్చగానే ఉండిపోతుంది, నేరుగా ఎండ తగిలితేనే రంగు తిరుగుతుంది. పైగా హైబ్రిడ్. గింజ దాచి వేస్తే ఒక్కో మొక్క ఒక్కోలా వస్తుంది. చోడికి ఈ గొడవ లేదు, నిశ్చింతగా దాచుకోండి.

అపోహ: ఒత్తుగా మొలిచిన జొన్న పీకి ఆవుకి పెట్టొచ్చు.

ఇది మాత్రం ప్రమాదం. లేత జొన్న ఆకులో, ముఖ్యంగా నీళ్లు లేక వడలినప్పుడు, పశువు కడుపులో సైనైడ్ విషంగా మారే పదార్థం ఎక్కువ. నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. గేటు బయట పడేసినా వీధి ఆవులు వదలవు, కాబట్టి గోతిలో వేసి మట్టి కప్పండి. గంటి మొక్కలకి ఆ భయం లేదు. రంగు పూసిన విత్తనాలు ప్యాకెట్లో మిగిలితే పిచ్చుకలకి చల్లకండి, ఆ రంగులో ఉండేది విషపు మందు.