గ్రీనిచ్ గేటు గడియారం గంట వెనక ఎందుకుంది?

చిరంజీవి అమ్మలుకూ, లండన్‌లో ఆమెతో ఉన్న తోటి పిల్లలకూ తాతయ్య ఆశీస్సులు.

మొదటి రోజు విశేషాలతో మీరు రాసిన ఉత్తరం అందింది. ఉదయం వెస్ట్‌మినిస్టర్‌లో బిగ్ బెన్ గంటలు విని, థేమ్స్ నదిలో పడవ మీద గ్రీనిచ్ చేరి, గుట్టెక్కి వేధశాల చూశారన్నమాట. అక్కడ మీ చేతి గడియారాల్లో మూడు గంటలైతే, గేటు పక్క గోడలో ఉన్న ఇరవై నాలుగు గంటల గడియారం పద్నాలుగు, అంటే రెండే చూపించిందనీ, లోకానికంతటికీ వేళ చెప్పే చోట గడియారమే గంట వెనకబడితే ఎలా అనీ అడిగారు. పాడైపోయిందని మీలో ఒకరు తేల్చేశారట. 1852లో పెట్టిన ఆ గడియారానికి ఏ జబ్బూ లేదు.

మీకు ఒంటిపూట బడులు తెలుసు. ఎండలు ముదిరితే బడి పొద్దున్నే మొదలై మధ్యాహ్నానికి ముగుస్తుంది. సూర్యుడు తన వేళకు తాను వస్తాడు, మనమే ముందు లేస్తాం. ఇంగ్లండువారు వేసవిలో చేసేదీ అదే. కాకపోతే బడి వేళ, రైలు వేళ, కచేరీ వేళ ఒక్కొక్కటిగా మార్చేకంటే, గడియారాన్నే గంట ముందుకు తిప్పుకుంటే పోతుందనుకున్నారు. తుని దగ్గరి మా పల్లె బడిలో వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కే గంట. దాన్ని గోడ గడియారం చూసి కొట్టేవారు. ఒకనాడు త్వరగా ఇంటికి పోవాలని నేను బల్ల మీద బల్ల వేసుకుని ఎక్కి, ముల్లు ముందుకు జరుపుతూ దొరికిపోయి, దెబ్బలు తిన్నాను. అదే పని దేశమంతటా చేయాలని లండన్‌లో ఇళ్లు కట్టించే విలియం విల్లెట్ అనే పెద్దమనిషి 1907లోనే చిన్న పుస్తకం అచ్చువేశాడని తెలిశాక నా మనసు కొంత కుదుటపడింది. ఆయన తెల్లవారి గుర్రపు స్వారీకి వెళుతూ, అంత వెలుగులోనూ కిటికీలు మూసుకుని జనం నిద్రపోవడం చూసి బాధపడ్డాడట. (ఎనిమిదింటిదాకా దుప్పటి వదలని మీరు ఆయన కంట పడలేదు, నయం.) 1915లో ఆయన పోయాడు, ఆ మరుసటి ఏడే, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బొగ్గు ఆదా కోసం, వేసవిలో గడియారాలు గంట ముందుకు తిప్పాలనే చట్టం వచ్చింది.

ఒంటిపూట బడి పోలికను ఇక ఇక్కడ వదిలేయాలి, ఎందుకంటే మనం ఎండను తప్పించుకోవడానికి ముందు లేస్తే, వాళ్లు ఎండ కోసం లేస్తారు.

మార్చి చివరి ఆదివారం నుండి అక్టోబరు చివరి ఆదివారం దాకా ఆ దేశంలో అందరి ముళ్లూ గంట ముందుంటాయి, బిగ్ బెన్ ముళ్లతో సహా. ఆ గేటు గడియారాన్ని మాత్రం తిప్పరు. అది ఏడాది పొడుగునా గ్రీనిచ్ వేళనే చూపిస్తుంది. మన వేళనూ గ్రీనిచ్ మీదుగా ఉత్తర దక్షిణాలుగా పోయే సున్నా డిగ్రీల ఊహారేఖ నుండే లెక్కకట్టారు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, మన దేశమంతటికీ వేళ నిర్ణయించే ప్రామాణిక రేఖ దానికి తూర్పున 82½ డిగ్రీల మీద ఉంది. హెచ్చవేస్తే 330 నిమిషాలు, అంటే అయిదున్నర గంటలు. అందుకే ఇప్పుడు లండన్‌కూ మనకూ నాలుగున్నర గంటల తేడా ఉన్నా, ఆ గేటు గడియారానికీ మా ఇంటి గడియారానికీ అయిదున్నర. మన రేఖ తుని పక్కనుంచే పోతుందని చిన్నప్పుడు నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే గీత కోసం పొలాలన్నీ వెతికి ఉండేవాణ్ణి.

మళ్లీ అటు వెళ్లే వీలుంటే, మధ్యాహ్నం ఒంటిగంటకు ముందే గుట్ట మీద ఉండండి. నదిలోని ఓడలవారు తమ గడియారాలు సరిచూసుకోవడానికి 1833లో వేధశాల కప్పు మీద ఒక పెద్ద బంతిని పెట్టారు. ఆ ఎర్ర బంతి 12:55కు కర్ర మీద సగం ఎక్కి, 12:58కి కొసకు చేరి, సరిగ్గా ఒంటిగంటకు జారుతుంది. బంతి మాత్రం వేసవిలో ఊరి వేళనే పాటిస్తుంది. కొందరు బంతిని చూస్తూ ఉండండి, కొందరు గేటు గడియారం దగ్గర నిలబడండి. బంతి జారిన క్షణాన ఆ గడియారంలో చిన్నముల్లు ఎటు తిరిగి ఉందో చూసి నాకు రాయండి.

ఆశీస్సులతో,
తాతయ్య