హారర్ పాత్రలు: మన సరిహద్దు ఊళ్లలో అపోహలు – వాస్తవాలు

ఒడిశా సరిహద్దులో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు షార్ట్ ఫిల్మ్‌లు తీసే తెలుగు కుర్రాళ్ల స్క్రిప్టులు చూసి సరిచేసే పని నాది. నా దగ్గరికి వచ్చేవాటిలో హారరే ఎక్కువ. పాడుబడ్డ ఇల్లు, రెండు లైట్లు, నలుగురు ఫ్రెండ్స్ ఉంటే షూటింగ్ మొదలైపోతుంది మరి. దెయ్యం గురించి అందరూ బాగానే ఆలోచిస్తున్నారు. దాని చుట్టూ ఉండే మనుషుల్ని మాత్రం చూసిన సినిమాల్లోంచి ఉన్నదున్నట్టు దింపేస్తున్నారు. అందువల్ల పదేపదే ఎదురయ్యే అపోహలివి.

అపోహ: చివరికి బతికి బయటపడేది పద్ధతైన అమ్మాయే.

వాస్తవం: ఈ పాత్రకు 'ఫైనల్ గర్ల్' అని పేరు పెట్టింది అమెరికన్ ప్రొఫెసర్ కేరల్ క్లోవర్, 1987లో రాసిన ఒక వ్యాసంలో. హంతకుడు ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోయే స్లాషర్ సినిమాల్లో అందరూ పోయాక ఒక్క అమ్మాయి మిగలడం ఆవిడ గమనించారు. మనవాళ్లు అందులోంచి 'బుద్ధిగా ఉన్నది బతుకుతుంది, పార్టీకెళ్లింది చస్తుంది' అన్న ముక్క ఒక్కటే పట్టుకున్నారు. 1978లో వచ్చిన 'హాలోవీన్' ఇంకోసారి చూడండి. అందులో హీరోయిన్ లోరీ తన వెంటపడుతున్న మనిషిని ముందే గమనిస్తుంది. ఎదురింట్లో ఏదో తేడా జరిగిందని వెళ్లి చూస్తుంది. చివరికి చేతికందిన అల్లిక సూదితోనే పొడుస్తుంది. ఆమెను కాపాడింది ఆ చూపు, ఆ తెగువ. 1996లో 'స్క్రీమ్' ఈ రూలును కావాలనే తెంచేసింది: అందులో హీరోయిన్ ప్రియుడితో ఒకటవుతుంది, అయినా చివరిదాకా నిలబడుతుంది. మీ అమ్మాయికి లంగావోణీ వేసినంత మాత్రాన ప్రేక్షకుడు ఆమె కోసం టెన్షన్ పడడు. ఆమె కంటికి ఏం పడుతుందో, దానికి ఆమె ఏం చేస్తుందో రాయండి.

అపోహ: ముందు వాచ్‌మనో పనిమనిషో చావాలి, అప్పుడే భయం మొదలవుతుంది.

వాస్తవం: హాలీవుడ్‌లో నల్లజాతి పాత్రలు చాలాకాలం ఇలాగే కథ కదలడం కోసం బలైపోయాయి. అయితే 1968లోనే జార్జ్ రొమెరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'లో డ్యుయేన్ జోన్స్ అనే నల్లజాతి నటుణ్ణి హీరోగా పెట్టాడు. ఆ పాత్ర రాత్రంతా లేచివచ్చిన శవాలతో పోరాడి బతుకుతుంది. తెల్లారాక, అదీ ఒక శవమే అనుకుని మనుషులే కాల్చేస్తారు. ఆ చావు ఇప్పటికీ గుండెను పట్టేస్తుందంటే, అప్పటికే ఆ మనిషి మనకు బాగా తెలిసిపోవడం వల్లే. మీ వాచ్‌మన్‌కి స్క్రిప్టులో పేరుందా? లేకపోతే ముందు పేరు పెట్టండి.

అపోహ: పాత్రలు తెలివితక్కువగా ప్రవర్తించకపోతే హారర్ నడవదు.

వాస్తవం: నడుస్తుంది. తెలివైనవాళ్లు చిక్కుకుంటే భయం ఇంకా ఎక్కువ. ఫోన్ సిగ్నల్ పోవడానికి మన ఘాట్ రోడ్లలో సాకు వెతుక్కోనక్కర్లేదు కూడా.

అపోహ: తెల్లచీర, విరబోసిన జుట్టు లేకపోతే జనం దెయ్యమని నమ్మరు.

వాస్తవం: 1998లో వచ్చిన జపాన్ సినిమా 'రింగ్' తరవాత ముఖం మీద జుట్టు పడే దెయ్యం లోకమంతా తిరిగింది. జపాన్‌లో తెల్లబట్ట శవానికి కట్టేది, అక్కడి దెయ్యం బొమ్మల్లో ఆ రూపం చాలా పాతది. మన సంగతి వేరు. మన పల్లెల్లో తెల్లచీర కట్టుకునేది భర్త పోయిన మనిషి. అంటే ఇన్నేళ్లుగా మనం తెర మీద వితంతువును చూసి జడుసుకుంటున్నాం. నాకిది చిన్న విషయంగా అనిపించదు.

అపోహ: మంత్రగత్తె ముసలమ్మ, చేతబడి చేసే అడవి మనిషి మన ఏజెన్సీకి సహజమైన పాత్రలు.

వాస్తవం: నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఊళ్లో పిల్లాడికి జ్వరం తగ్గదు, పంట పోతుంది, లేదా ఒంటరి ఆడమనిషి పేరున ఉన్న నేల మీద ఎవరి కన్నో పడుతుంది. 'చిల్లంగి (చేతబడి) పెట్టింది' అని ఆమె వైపు వేలు చూపిస్తారు. ఒడిశాలో ఇలాంటి నిందల వల్ల ఆడవాళ్లు దెబ్బలు తిన్నారు, ఊరొదిలారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకే 2013లో రాష్ట్రం ప్రత్యేక చట్టం తెచ్చింది. ఒక స్త్రీని మంత్రగత్తె అని నిందించడం కూడా దాని కింద నేరమే. అదే ఏడాది, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్య తరవాత, మహారాష్ట్ర కూడా చేతబడి, నరబలి లాంటి వాటికి వ్యతిరేకంగా చట్టం తెచ్చింది. అలాంటి ముసలమ్మే విలన్ అని మీ క్లైమాక్స్ తేల్చిందనుకోండి, వేలు చూపించినవాళ్లదే నిజమని చెప్పినట్టు అవుతుంది. ఆ వీడియో ఆ ఊళ్ల ఫోన్లలోనే ఆడుతుంది.

ఇక అడవి మనిషి. మన కొండ ఊళ్ల గిరిజనుల్లో దిసారి ముహూర్తాలు చూస్తాడు. ఎజ్జోడు రోగం కుదరడానికి పూజ చేస్తాడు. నియమగిరి మీద డొంగ్రియా కొంధు గిరిజనుల్లో పూజలు చేసే బెజ్జుణి ఆడమనిషి. ఇన్ని రకాల వాళ్లను కలిపి, ఎర్రకళ్లు పెట్టి, పుర్రె చేతికిచ్చి ఒకే 'మంత్రగాడు' చేసేస్తున్నారు.

గుణుపురం కొండల్లో సవర గిరిజనుల సంప్రదాయం తెలిస్తే మీకు ఎంత పెద్ద కథ దొరుకుతుందో! అక్కడ చనిపోయినవాళ్లు పూనకంలో ఉన్న పూజారిణి నోటి ద్వారా ఇంటివాళ్లతో మాట్లాడతారు. ఇంటివాళ్లు ఏడుస్తారు, నవ్వుతారు, 'ఎందుకిలా వెళ్లిపోయావు' అని దెబ్బలాడతారు. పోయినవాళ్లు మొదట్లో తమ జబ్బును బతికున్నవాళ్లకు అంటించే ప్రమాదం ఉందని నమ్మకం. మాటలు సాగేకొద్దీ మెల్లగా కాపాడే పెద్దలవుతారు. మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ 1970ల నుంచి వీళ్ల మధ్య ఉండి దీన్ని వివరంగా రాశారు. చాలా సవర కుటుంబాలు క్రైస్తవంలోకి వెళ్లాక ఈ సంభాషణలు తగ్గిపోయాయనీ రాశారు. ఇందులో భయం ఉంది, ప్రేమ ఉంది, తీరని తగాదా ఉంది. పోయిన తల్లితో మాట్లాడాలనుకునే కూతురు, ఆ పద్ధతి వద్దనే కొడుకు ఒకే ఇంట్లో ఉంటే మీకు పుర్రె అవసరమే రాదు.

అపోహ: సవర, కువి (కొంధుల భాష) మాట్లాడే పాత్రలు అర్థంకాని మాటలేవో అరిస్తే ఎఫెక్ట్ వస్తుంది.

వాస్తవం: పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. 1936లో మంగయి గొమాంగో ఆ భాషకు సొంత లిపి తయారుచేశారు. అంతటి భాషను కేకలతో నింపకండి. ఆ డైలాగులు సవర మాట్లాడేవాళ్ల చేతే రాయించండి, డబ్బింగ్ కూడా వాళ్లతోనే చెప్పించండి. మేకప్ మనిషికి ఇచ్చినట్టే వాళ్లకూ డబ్బు ఇచ్చి, టైటిల్స్‌లో పేరు వేయండి. స్క్రిప్టు నాకు పంపేముందు ఒకసారి వాళ్లకు చదివి వినిపించండి. 'మా ఇళ్లలో ఇలా అనరు' అని వాళ్లు చెప్పిన చోటల్లా పేజీ మీద గుర్తు పెట్టుకుని, ఆ సీన్లు తిరిగి రాశాక తీసుకురండి.