ఖోన్ మాదంటే మాది: థాయ్‌లాండ్, కంబోడియా తగువు వెనక కథ

2018 నవంబరు 28న మారిషస్‌లో జరిగిన సమావేశంలో యునెస్కో కంబోడియా వారి ‘ల్ఖోన్ ఖోల్’కు గుర్తింపు ఇచ్చింది. మర్నాడే థాయ్‌లాండ్ ‘ఖోన్’కు ఇచ్చింది. రెండూ మాస్కులు తొడుక్కుని ఆడే రామాయణమే. అంతకు రెండేళ్ల ముందు నుంచే ఇది మాదంటే మాదని రెండు దేశాల జనం ఫేస్‌బుక్‌లో గొడవపడ్డారు.

ఈ తగువు పాతది. 1431లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజ్యమైన అయుత్థయ సేనలు, కంబోడియాను ఏలిన ఖ్మేర్ల రాజధాని అంగ్కోర్‌ను గెలిచాయి. తమ నాట్యం అప్పుడే అటు వెళ్లిందని కంబోడియన్లు గట్టిగా నమ్ముతారు. ఖోన్ మాత్రం ఒక్క మూలం నుంచి పుట్టింది కాదు. తోలుబొమ్మలు ఆడించేవాళ్ల అడుగులు, కత్తిసాము, ఆస్థానంలో జరిపే క్షీరసాగర మథనం వేడుక, అన్నీ అందులో కలిశాయి. 1687లో అయుత్థయకు వచ్చిన ఫ్రెంచి రాయబారి లా లుబేర్ మాస్కులతో, ఆయుధాలతో ఆడే ఈ నాట్యం గురించి రాశాడు.

1767లో బర్మా సేనలు అయుత్థయను నేలమట్టం చేశాయి. తర్వాత బాంకాక్‌ను రాజధాని చేసుకున్న ‘మొదటి రామ’ అనే సయాం రాజు రామాయణాన్ని ‘రామకియెన్’గా మళ్లీ రాయించాడు. అందులో సీత రావణుడి కూతురే. హనుమంతుడికి ప్రేమకథలున్నాయి. మనకు వింతగా అనిపించినా ఖోన్‌కు ఆధారం ఆ కథే.

తర్వాత రాకపోకలు అటునుంచి ఇటు తిరిగాయి. బాంకాక్‌లో చాలా ఏళ్లు గడిపిన ఆంగ్ దువాంగ్ 1848లో కంబోడియా రాజయ్యాక అక్కడి ఆస్థాన నాట్యంలో సయాం పద్ధతులు బాగా చేరాయి. అందుకే ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. నా మటుకు అది అడగాల్సిన ప్రశ్న కూడా కాదు.

అసలు తేడా ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. 1932లో సంపూర్ణ రాచరికం పోయాక కూడా థాయ్‌లాండ్‌లో ఖోన్‌కు ప్రభుత్వ లలితకళల శాఖ నీడ దొరికింది. నాట్య కళాశాలల్లో ఇప్పటికీ పిల్లల్ని చిన్నప్పుడే చేర్చుకుని, ఒడ్డూ పొడుగూ చూసి, రాక్షసుడా కోతా అని పాత్ర తేలుస్తారు. వరసగా కూర్చోబెట్టి తాళానికి తగ్గట్టు మోకాళ్ల మీద చరిపిస్తారు. గోడకు ఆనించి కాళ్లు విడదీసి నొక్కుతారు. ఆ నొప్పికి పిల్లల కళ్లలో నీళ్లు తిరుగుతాయి. రాణి సిరికిత్ చొరవతో 2007లో మొదలైన భారీ ప్రదర్శనలకు టికెట్ కొని వచ్చే జనమూ ఉన్నారు.

కంబోడియాలో 1975–79 మధ్య ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో ఎందరో కళాకారులు చనిపోయారు. గురువులతోపాటే విద్య పోయింది. ల్ఖోన్ ఖోల్ మిగిలిన చోట్లలో ముఖ్యమైనది నోమ్ పెన్ దగ్గర మెకాంగ్ ఒడ్డున వాట్ స్వాయ్ అందెత్ అనే బౌద్ధాలయాన్ని ఆనుకున్న పల్లె. అక్కడ రైతులే వేషాలు కడతారు. ఖ్మేర్ కొత్త సంవత్సరం తర్వాత వానల కోసం, ఊరి మేలు కోసం ఆడతారు.

యునెస్కో ఖోన్‌ను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ల్ఖోన్ ఖోల్‌ను మాత్రం తక్షణం కాపాడుకోవాల్సిన కళల జాబితాలో పెట్టింది. ‘మాదే’ అని వాదించుకున్న హడావిడిలో ఈ రెండో జాబితా సంగతి చాలామంది పట్టించుకోనేలేదు.