సంస్కృతంలో లెక్కపెట్టడం: అపోహలు - వాస్తవాలు

ఇంటర్‌లో రెండో భాషగా సంస్కృతం తీసుకునే పిల్లలు విజయవాడ, గుంటూరుల్లో చాలామందే. సంభాషణ తరగతులకు వచ్చే పెద్దవాళ్లూ ఉన్నారు. రామశబ్దం (రామః, రామౌ, రామాః అని సాగే విభక్తి రూపాల పట్టిక) గడగడా అప్పజెప్పేవాళ్లు కూడా "మూడు నదులు" అనమంటే ఆగిపోతారు. కారణం తెలివి తక్కువై కాదు, నేర్చుకున్న వరస తప్పు.

అపోహ: ఒకటి నుంచి వంద దాకా బట్టీ పడితే లెక్క వచ్చేసినట్టే.

వాస్తవం: బట్టీ పట్టినవాళ్లు "త్రీణి నద్యః" అంటారు. చార్టులో ఉన్నది ఏకమ్, ద్వే, త్రీణి, చత్వారి అనే కదా. అవి నపుంసకలింగ రూపాలు. ఏ వస్తువు పేరూ చెప్పకుండా ఊరికే లెక్కపెట్టేటప్పుడు ఆ రూపాలే పలుకుతాం. పక్కన నామవాచకం వచ్చిందంటే నాలుగు దాకా లింగాన్ని బట్టి మారాలి.

పుంలింగం: ఏకః, ద్వౌ, త్రయః, చత్వారః
స్త్రీలింగం: ఏకా, ద్వే, తిస్రః, చతస్రః
నపుంసకలింగం: ఏకమ్, ద్వే, త్రీణి, చత్వారి

మొదటి వారమంతా ఈ పన్నెండు గళ్ల మీదే పెట్టండి. వంటింట్లో గరిటెలూ కంచాలూ చాలు: త్రయః చమసాః, తిస్రః స్థాలికాః, త్రీణి పాత్రాణి. ముందు వస్తువు పేరు, దాని లింగం తేల్చుకుని తర్వాతే సంఖ్య నోటికి తెచ్చుకోండి. ఐదు నుంచి ఈ బాధ లేదు. పంచ వృక్షాః, పంచ నద్యః, పంచ పుస్తకాని, మూడింటికీ ఒకే పంచ.

అపోహ: తెలుగులోనూ ఒకడు, ఒకతె, ఒకటి ఉన్నాయి కాబట్టి లింగం మనకు అలవాటే.

వాస్తవం: మనం మనిషినో వస్తువునో చూసి ఆ మాట ఎంచుకుంటాం. సంస్కృతంలో చూడాల్సింది శబ్దాన్ని. భార్యా స్త్రీలింగం, కలత్రమ్ నపుంసకలింగం, దారాః పుంలింగం. మూడింటికీ అర్థం పెళ్లామే. ఏకా భార్యా, ఏకం కలత్రమ్ అనవచ్చు. దారాః మాత్రం నిత్యబహువచనం, దాని ముందు ఏకః పెట్టే సాహసం చేయకండి.

అసలు దెబ్బ తినేది రెండు దగ్గర. తెలుగులో ద్వివచనం (రెండింటికి మాత్రమే వాడే రూపం) లేదు, అందుకని "ద్వౌ బాలకాః గచ్ఛన్తి" అని రాసేస్తారు. ద్వౌ అన్నాక బాలకౌ, క్రియ గచ్ఛతః. మూడు మాటలూ కలిసి మారాలి.

అపోహ: సంఖ్య పెద్దదయ్యేకొద్దీ వ్యాకరణం కష్టమవుతుంది.

వాస్తవం: కష్టమంతా నాలుగు లోపే. ఐదు నుంచి పద్దెనిమిది దాకా లింగభేదం లేదు, ఎప్పుడూ బహువచనం: పంచభిః, పంచానామ్, పంచసు. వింశతి నుంచి నవనవతి దాకా అన్నీ స్త్రీలింగం, ఏకవచనం. వింశతి, షష్టి, సప్తతి, అశీతి, నవతి మతిశబ్దంలా నడుస్తాయి, అంటే విభక్తి రూపాలు మతి అనే మాటకు వచ్చినట్టే వస్తాయి. త్రింశత్, చత్వారింశత్, పంచాశత్ సరిత్‌లా నడుస్తాయి. శతం, సహస్రం ఫలశబ్దంలా.

ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. సప్తతిః ద్వారాణి. ద్వారాణి బహువచనం, నపుంసకలింగం. సప్తతిః ఏకవచనం, స్త్రీలింగం. చూడగానే తప్పులా ఉంటుంది, కానీ అదే ఒప్పు. వరద రోజు అన్ని గేట్ల గుండా నీళ్లు పోతుంటే "సప్తత్యా ద్వారైః జలం ప్రవహతి". విభక్తి రెండింటికీ తృతీయే, వచనాలు మాత్రం వేరు. "సప్తతిభిః ద్వారైః" అని రాస్తే మార్కు పోతుంది. ఐదు గేట్లే ఎత్తారనుకోండి, అప్పుడు "పంచభిః ద్వారైః". ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాసుకుని గేట్ల సంఖ్య మారుస్తూ పోతే పాఠం దాదాపు అయిపోయినట్టే.

అపోహ: వంద దాకా అంటే వంద మాటలు గుర్తుంచుకోవాలి.

వాస్తవం: ఒకట్లు తొమ్మిది, పదులు తొమ్మిది, కొన్ని మినహాయింపులు. రెండు, మూడు, ఎనిమిది అనేవి పది, ఇరవై, ముప్ఫైల ముందు ద్వా, త్రయః, అష్టా అవుతాయి: ద్వాదశ, త్రయోదశ, అష్టాదశ, ద్వావింశతి, త్రయోవింశతి, అష్టావింశతి, ద్వాత్రింశత్, త్రయస్త్రింశత్, అష్టాత్రింశత్. నలభై నుంచి పాణిని వికల్పం ఇచ్చాడు: ద్విచత్వారింశత్, ద్వాచత్వారింశత్ రెండూ సరే. ఎనభై దగ్గర ఆ వికల్పం లేదు, ద్వ్యశీతి, త్ర్యశీతి మాత్రమే. 88 అష్టాశీతి కదా అంటారేమో, అక్కడి దీర్ఘం సవర్ణదీర్ఘసంధి వల్ల వచ్చింది.

ఆరు సంధిలో వేషాలు మారుస్తుంది: షోడశ, షడ్వింశతి, షట్త్రింశత్, షణ్ణవతి. షోడశలో ఉన్నది డ, ఢ కాదు.

అపోహ: పంచవింశతి అంటే 52.

ఎవరూ పైకి ఇలా అనరు, డిక్టేషన్‌లో మాత్రం రాస్తారు. మనం ఇరవై ఐదు అని పదులు ముందు చెబుతాం, సంస్కృతం ఒకట్లు ముందు చెబుతుంది. పంచ వినగానే కలం కదపకండి, వింశతి కూడా విన్నాక రెండంకెలూ కలిపి రాయండి. ఇంకో ఉచ్చు ఏకోనవింశతి. ఏక చెవిన పడగానే 21 అని వేస్తారు. ఏక + ఊన, ఒకటి తక్కువ ఇరవై, అంటే 19. ఏకవింశతి 21. 29ని నవవింశతి అనొచ్చు, ఏకోనత్రింశత్ అనొచ్చు.

అపోహ: షష్టి, షష్ఠి ఒకటే, ఒత్తు ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు.

వాస్తవం: షష్టి అరవై. షష్ఠి ఆరో తిథి. సుబ్రహ్మణ్య షష్ఠికి ఠ కావాలి, షష్టిపూర్తికి ట చాలు. శుభలేఖలో షష్ఠిపూర్తి అని అచ్చేస్తే అరవై నిండిన పెద్దాయనకు ఆరో తిథి నిండినట్టు! కార్డు ప్రింటింగ్‌కు ఇచ్చేముందు ఈ ఒక్క అక్షరం చూసుకోండి.

తిథుల మాట వచ్చింది కాబట్టి, పూరణసంఖ్యలు (మొదటి, రెండో, మూడో లాంటివి) మనకు కొత్తవేం కావు. పంచమి నుంచి చతుర్దశి దాకా కేలండర్‌లో రోజూ చూసేవే, అన్నీ స్త్రీలింగ రూపాలు. విదియ, తదియ, చవితిలను ద్వితీయా, తృతీయా, చతుర్థీ అని వెనక్కి తెచ్చుకోవాలి. పాడ్యమి ఒక్కటే వరసలో ఒదగదు, దాని సంస్కృత నామం ప్రతిపత్.

అపోహ: వంద దాటితే అన్నీ కలిపి అతికించేయడమే.

వాస్తవం: మధ్యలో అధిక గానీ ఉత్తర గానీ ఉండాలి. గుడిలో వినే అష్టోత్తరశతం 108. గుంటూరు మిర్చి యార్డులో 125 టిక్కీలు (బస్తాలు) దిగాయంటే పంచవింశత్యధికశతం గోణ్యః. ఆ అధిక మింగేస్తే లెక్కే మారిపోతుంది: ద్వ్యధికశతం 102, ద్విశతం వాడుకలో 200.

కోటి పైన పేర్లకు ఎక్కడైనా ఒకే విలువ అనుకోవడం కూడా పొరపాటే. యజుర్వేదంలోని వరసలో పరార్ధం 1 పక్కన 12 సున్నాలు. భాస్కరాచార్యుడి లీలావతిలో 17 సున్నాలు. ఏ గ్రంథం చదువుతుంటే ఆ గ్రంథం పట్టికే చూడాలి.

అపోహ: గంటలు చెప్పడానికి సంఖ్యలు వస్తే చాలు.

వాస్తవం: సపాద (పావుతో), సార్ధ (అరతో), పాదోన (పావు తక్కువ) అనే మూడు మాటలు అదనంగా కావాలి. 5:15 సపాదపంచవాదనమ్, 5:30 సార్ధపంచవాదనమ్, 5:45 పాదోనషడ్వాదనమ్. ఐదున్నరలో అర చివర వస్తుంది, సార్ధ ముందు వస్తుంది. చాలామంది 5:45ని పాదోనపంచ అనేస్తారు, అది 4:45. "పావు తక్కువ ఆరు" అని ముందు తెలుగులో అనుకుని తర్వాత సంస్కృతంలోకి తెచ్చుకుంటే ఈ తప్పు రాదు.