కాలనీ చెట్లు ముసలివైన కథ

మే నెలలో ఓ సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే, మర్నాడు హైదరాబాద్ పేపర్లలో ఆ ఫొటో ఖాయం. కారు మీద విరుచుకుపడ్డ తురాయి చెట్టు, వేలాడుతున్న కరెంటు తీగలు, రంపాలతో దిగిన సిబ్బంది. కింద ‘గాలివానకు కూలిన భారీ వృక్షం’ అని ఒక లైను. నేరమంతా గాలి మీదికి తోసేస్తాం. గాలికి సంబంధం ఉన్నది ఆఖరి పది నిమిషాలతోనే. దానికి ముందు యాభై ఏళ్లపాటు ఆ చెట్టుకు మనం ఏం చేశామన్నదే అసలు సంగతి.

బీహెచ్‌ఈఎల్, ఐడీపీఎల్, హెచ్‌ఎంటీ, ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు నగరం చుట్టూ వెలసింది 1960లలో. వాటితో పాటు క్వార్టర్లు వచ్చాయి. ఆ చుట్టుపక్కల ఉద్యోగుల హౌసింగ్ సొసైటీలు లేచాయి. సైనిక్‌పురిలో మాజీ సైనికులు ప్లాట్లు వేసుకున్నారు. తర్వాత వనస్థలిపురం, కూకట్‌పల్లి వైపు హౌసింగ్ బోర్డు కాలనీలు. అప్పటికి అదంతా బండరాళ్లు, తుప్పలు, మాడే ఎండ. ఇల్లు కట్టుకున్నవాడికి ముందు నీడ కావాలి, అదీ పిల్లలు పెద్దవాళ్లయ్యేలోపే కావాలి.

అందుకే తొందరగా ఎదిగే చెట్ల మీద మోజు పడ్డారు. మడగాస్కర్ నుంచి వచ్చిన ఎర్ర తురాయి, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పచ్చ తురాయి, 1870లలో దక్షిణ అమెరికా నుంచి సింహళం మీదుగా మన దేశంలో అడుగుపెట్టిన నిద్రగన్నేరు. వేప, కానుగ కూడా నాటారు గానీ, వీధికి అందం తెచ్చినవి ఈ పరదేశీలే. ఆ ఎంపికను ఇప్పుడు తప్పుబట్టడం తేలిక. నిజానికి రెండు తరాలు ఆ నీడనే బతికాయి. కాకపోతే తొందరగా ఎదిగే చెట్టు కలప మెత్తన, కొమ్మ పెళుసు. తురాయికైతే వేళ్లు పైపైనే పాకుతాయి. వీధిలో దానికి నలభై యాభై ఏళ్లు దాటడం కష్టం. ఒకే అయిదారేళ్లలో వరసగా నాటిన చెట్లన్నీ ఒకేసారి ముసలివవుతాయన్న లెక్క అప్పుడు ఎవరూ వేయలేదు. ఇప్పుడు కూలుతున్నవి చాలావరకు ఆ వరసల్లోవే.

ఆ లెక్క వేసే అలవాటు అసలు మనకు లేదు. 1950లో కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి నుంచి చెట్టంటే నాటేదే. నాటినవాటికి లెక్కుంటుంది, ఫొటో ఉంటుంది, ముఖ్య అతిథి ఉంటాడు. నలభయ్యో ఏట దాని మొదలు చుట్టూ మట్టి గుల్ల చేసినందుకు ఎవరికీ శాలువా కప్పరు. ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ, ఆర్బర్ డే ఫౌండేషన్ కలిసి 2020 సంవత్సరానికి హైదరాబాద్‌ను ‘ప్రపంచ వృక్ష నగరం’గా గుర్తించినప్పుడు కూడా ఊరంతా మాట్లాడుకుంది నాటిన మొక్కల గురించే.

రెండో ఘట్టం సిమెంటుది. 2007లో పన్నెండు శివారు మున్సిపాలిటీలు, ఎనిమిది పంచాయతీలు కలిసి జీహెచ్‌ఎంసీ అయింది. కాలనీలకు డ్రైనేజీ, సీసీ రోడ్లు, టైల్స్ ఫుట్‌పాత్‌లు రావడం ఊపందుకుంది. ఇవన్నీ కావలసినవే, కాలనీవాళ్లు ఏళ్ల తరబడి అడిగి తెచ్చుకున్నవే. కానీ పైపు వేసిన ప్రతిసారీ ఒక పక్క వేళ్లు తెగాయి, కేబుల్ వేసినప్పుడు రెండో పక్కవి. పాత రోడ్డు తవ్వకుండా పైన మరో పొర పోయడంతో చెట్టు మొదలు గుంటలో పడింది. ఇండిపెండెంట్ ఇల్లు పోయి అపార్ట్‌మెంట్ వచ్చిన చోట సెల్లార్ తవ్వకం మిగిలిన పనీ పూర్తి చేసింది.

ఏ పాత కాలనీలోనైనా ఒక చెట్టు దగ్గర ఆగి, మోకాళ్ల మీద కూర్చుని చూడండి. టైల్స్ సరిగ్గా బెరడును ఆనుకుని ఉంటాయి. ఎప్పుడో మొక్కకు పెట్టిన ఇనుప ట్రీగార్డు చువ్వలు ఇప్పుడు మానులోకి దిగిపోయి, బెరడు వాటి మీద పెదవిలా మడతపడి ఉంటుంది. నడుము ఎత్తున ‘టూలెట్’ బోర్డు, ట్యూషన్ సెంటర్ బోర్డు, వాటి మేకులు. ఆ పైన ఇంటర్నెట్ కేబుళ్ల చుట్ట. ఇన్నిటి మధ్య జాజు, సున్నం పట్టీలు మాత్రం ప్రతి పంద్రాగస్టుకూ కొత్తగా మెరుస్తాయి!

చెట్టు వేళ్లలో ఎక్కువ భాగం పై రెండు మూడడుగుల మట్టిలోనే ఉంటుంది. వాటికి నీళ్లెంత అవసరమో గాలీ అంతే. చెట్టు చుట్టూ ఆరడుగుల చదరం సిమెంటు లేకుండా వదలాలని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2000లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. ఢిల్లీలో ఎవరూ వినకపోవడంతో 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కల్పించుకుని, మొదలు చుట్టూ కనీసం ఒక మీటరు మేర సిమెంటు తీసేయించమని ఆదేశించింది. అక్కడ వసంత్ విహార్ వాసులు కాలనీలోని దాదాపు అయిదు వేల చెట్లను తామే లెక్కగట్టి, ఏ చెట్టు ఎలా ఉందో రాసి పెట్టారు. కోర్టుకు వెళ్లినప్పుడు ఆ లెక్కే పనికొచ్చింది. మన కాలనీ సంఘాల్లో సీసీ కెమెరాలకు, గేటుకు, వాచ్‌మన్‌కు పద్దులుంటాయి. చెట్టుకు పద్దు ఉన్న సంఘం ఎక్కడైనా ఉంటే వెళ్లి చూడదగ్గదే.

మూడోది తీగల గొడవ. చెట్లు నాటిన వరసలోనే స్తంభాలూ పాతారు. వానాకాలం ముందు లైన్‌మన్లు వచ్చి తీగకు తగిలే వైపు కొట్టేస్తారు. వాళ్ల పని కరెంటు పోకుండా చూడటం, చెట్టును చూడటం కాదు; వాళ్లని అనడానికి లేదు. ఏటా ఒకే పక్క కొట్టగా చెట్టు బరువు రెండో పక్కకు వాలుతుంది. ఇక ఇంటివాళ్లు ఆకు రాలుతోందనో, భయమేస్తోందనో మనిషిని పిలిచి నెత్తి మొత్తం కొట్టించి మొండి చేస్తారు. ఆరు నెలల్లో గుబురుగా చిగురిస్తుంది, అమ్మయ్య బతికిందనుకుంటాం. ఆ కొత్త కొమ్మలు మాను లోపలి నుంచి వచ్చినవి కావు, పై పొరకు అంటుకుని లేచినవి. నాలుగేళ్లకు లావెక్కాక మొదట విరిగేవి అవే.

కొమ్మ కోయడం మీద లోకం అభిప్రాయమే ఈ యాభై ఏళ్లలో మారిపోయింది. మానుకు సమంగా నున్నగా కోసి, గాయానికి తారో పెయింటో పూయాలని, తొర్రను సిమెంటుతో పూడ్చాలని పాత పద్ధతి. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను రంపంతో నిలువునా కోసి లోపల కుళ్లు ఎలా పాకుతుందో చూశాడు. చెట్టు గాయాన్ని మాన్పుకోదు, దాని చుట్టూ గోడ కట్టి వెలివేస్తుందని 1977 నాటికి తేల్చి చెప్పాడు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే వలయం ఆ గోడ కట్టే చోటు. దాన్ని వదిలి, దాని బయటి అంచున కోయాలి. బరువు కొమ్మైతే ముందు కింది నుంచి సగం లోపు ఒక గాటు, ఇంకాస్త బయటికి పైనుంచి రెండోది, ఆఖరున వలయం దగ్గర మూడోది. లేకపోతే కొమ్మ పడుతూ పడుతూ బెరడును మానంతా చీల్చుకుపోతుంది. పెయింటు కుళ్లును ఆపదు. తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు చచ్చినట్టూ కాదు. దాని ప్రాణమంతా బెరడు కిందే. మొదట్లో గట్టి పుట్టగొడుగులు పలకల్లా లేచాయా, మాను ఒరిగిన వైపుకు ఎదురుగా నేల పగిలిందా, అప్పుడు ఆలోచించాలి.

చట్టం సంగతికి వస్తే, ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) మనకు ఆధారం. అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు, కొడితే బదులు నాటాలి. జనానికి వాల్టా అంటే పర్మిషన్, ఫైన్. మహారాష్ట్ర 1975 నుంచే పట్టణాల్లో వృక్ష ప్రాధికార సంస్థలు పెట్టి అయిదేళ్లకోసారి చెట్లు లెక్కించమంది. 2021 సవరణతో యాభై ఏళ్లు దాటిన చెట్టును వారసత్వ వృక్షమంది. పశ్చిమ బెంగాల్‌లో రైల్వే వంతెనల కోసం చెట్లు కొట్టే కేసులో సుప్రీంకోర్టు వేసిన నిపుణుల సంఘం, చెట్టు విలువ కట్టడానికి దాని వయసును ఏడాదికి 74,500 రూపాయలతో గుణించమంది. ఆ లెక్కన మన వీధిలో యాభై ఏళ్ల నిద్రగన్నేరు 37 లక్షల పైమాటే. దాని మొదట్లో చెత్త తగలబెడుతున్నాం.

ముసలి చెట్టును నిలబెట్టడం మనవాళ్లకు చేతకాదనడానికి వీల్లేదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగింది. మానుకు రంధ్రాలు చేసి మందు పోస్తే బయటికి కారిపోయింది. దాంతో సెలైన్ సీసాలు వేలాడదీసి క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందును బొట్టుబొట్టుగా ఎక్కించారు, వాలిన కొమ్మలకు ఊతాలు పెట్టారు. చెట్టు నిలిచింది. ఏడు వందల ఏళ్ల మర్రి అంటే అధికారులు కదులుతారు. 2021లో తెలంగాణ అంతటా వేపలు కొమ్మల చివర్ల నుంచి మాడుతుంటే, అది ఫోమాప్సిస్ శిలీంద్రం పని అని వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పి మందులు సూచించారు. మన గేటు ముందు వేపకు ఎవరు పిచికారీ చేయాలన్నది మాత్రం తేలలేదు. చాలా చోట్ల మరుసటి వానలకు వేప తనే చిగురించింది. ఈలోపు ఎండిందనుకుని కొట్టేసినవి తిరిగి రావుగా.

2015లో హరితహారం మొదలయ్యాక మళ్లీ తొందరగా ఎదిగేదే కావాల్సి వచ్చింది. ఈసారి వంతు కోనోకార్పస్‌ది. డివైడర్లు, పార్కులు, కాలనీ రోడ్లు రెండు మూడేళ్లలో పచ్చగా కనిపించాయి. ఆ తర్వాత అలర్జీలు, పైపుల్లోకి దూరే వేళ్లు అంటూ ఫిర్యాదులు రావడంతో ప్రభుత్వమే దాన్ని నాటొద్దంది. చాలా కాలనీల్లో అవి ఇంకా ఉన్నాయి, పాత తురాయిల పక్కనే, అవే తీగల కింద.