"తుది మాట" కోసం ఆగుతున్నారా? సలహా మండళ్లపై అపోహలు - వాస్తవాలు

మాతో పాటు ప్రజారోగ్యం పాఠాలు చెప్పే మేడంను ఈమధ్య ప్రజారోగ్య సలహా మండలిలోకి తీసుకున్నారు. అభినందన సభ అయ్యీ అవగానే ఒకాయన ఆవిడ దగ్గరికొచ్చి, "మీరంతా కూర్చుని టీకాల మీద ఒక తుది మాట చెప్పండమ్మా, అప్పుడే మా బాబుకి మీజిల్స్ టీకా వేయిస్తా" అన్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో!

అపోహ: సలహా మారిందంటే ముందు చెప్పింది అబద్ధమన్నమాట. అంతా తేలేదాకా ఆగడమే మేలు.

వాస్తవం: తుది మాటంటూ ఉండదు, ఉండకూడదు కూడా. 1998లో అమెరికాలో, పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కి మొదటి టీకా రోటాషీల్డ్‌కి అనుమతి వచ్చింది. టీకా పడ్డ కొందరు పసివాళ్లలో పేగు మడతపడి పక్క పేగులోకి చొచ్చుకుపోతోందని తెలిసింది. ఇంచుమించు 10 వేల మందిలో ఒకరికి. 1999లో అక్కడి టీకాల సలహా సంఘం తన సిఫార్సును తనే వెనక్కి తీసుకుంది. "చూశారా, తప్పు ఒప్పుకున్నారు" అంటారు. అంత అరుదైన ముప్పు ఏడాది తిరక్కుండా దొరికిందంటే నిఘా పనిచేసినట్టు కాదా? 2006లో మరో రోటావైరస్ టీకా రోటాటెక్ వచ్చేముందు దాదాపు 70 వేల మంది పసిపిల్లలతో పరీక్ష జరిపింది ఆ అనుభవంతోనే.

ఇక ఆగడం సంగతి. అమ్మ నుంచి బిడ్డకు వచ్చిన యాంటీబాడీలు, అంటే రోగాన్ని అడ్డుకునే రక్షణ కణికలు, నెలనెలా తగ్గిపోతాయి. అవి ఎక్కువగా ఉన్నప్పుడు వేస్తే టీకా సరిగ్గా పట్టదు, అవి పోయాక వెయ్యకపోతే బిడ్డకు అడ్డే లేదు. అందుకే మీజిల్స్ ఎక్కువున్న చోట 9 నెలలకు, తక్కువున్న చోట 12 నెలలకు మొదటి డోసు. రోగి గది వదిలి వెళ్లాక కూడా రెండు గంటల దాకా ఆ వైరస్ గాలిలో ఉండగలదు. మండలి మీటింగు అయ్యేదాకా అది ఆగదు.

భయపడేవాళ్ల మీద నాకు కోపం లేదు. మా పాప మొదటి టీకా రోజు, ఇన్ని పాఠాలు చెప్పే నేనే రాత్రంతా థర్మామీటర్ పట్టుకుని కూర్చున్నాను. కోపమల్లా ఫార్వర్డులు వండి పంపేవాళ్ల మీదే.

మిగతావి గబగబా. "మండలి చెప్పిందే చట్టం": కాదు, అది సిఫార్సు, నిర్ణయం ప్రభుత్వానిది. "పదవొచ్చింది, ట్రాన్స్‌ఫర్లు చేయిస్తారు": నవ్వి ఊరుకుంటున్నాం. "డాక్టర్లుండగా టీచరెందుకు?": ఒకసారి నేను కరపత్రంలో రెండు డోసుల మధ్య "కనీసం 4 వారాల వ్యవధి" అని రాస్తే, మేడం దాన్ని మా ఆఫీసు ఆయాకి చదివి వినిపించారు. "అయితే నాలుగు వారాలు దాటితే ఇక వెయ్యరా?" అందావిడ. కరపత్రం మళ్లీ రాశాను.

సభలో ఆ తండ్రిని మేడం ఏమీ అనలేదు. బాబుకెన్ని నెలలని అడిగారు. పద్నాలుగట. "ఇంత ఆలస్యమయ్యాక వేస్తారా? తిడతారేమో" అన్నాడు, గొంతు తగ్గించి. వేస్తారు, కార్డు పట్టుకుని రేపే వెళ్లమన్నారు. మధ్యలో ఆగిపోయిన మిగతా టీకాలు కూడా మళ్లీ మొదటి డోసు నుంచి అక్కర్లేదు, ఆగిన చోటి నుంచే.