ఏడు పాయల వెంట

కాకినాడ పక్కనున్న చొల్లంగి దగ్గర గోదావరి పాయల్లో ఒకటైన తుల్యభాగను మొదటిసారి చూసినవాళ్ళు "గోదావరంటే ఇదా?" అనుకుంటారు. అది ఇప్పుడు పొలాల మురుగునీరు మోసే కాలవ. ఊళ్ళో డ్రెయిన్ అనే అంటారు. అయినా పుష్య బహుళ అమావాస్య వచ్చిందంటే చాలు, చీకటి ఉండగానే జనం అక్కడికి స్నానాలకు చేరతారు. సప్తసాగర యాత్రకు అదే మొదటి మెట్టు.

గౌతముడు తెచ్చిన గోదావరిని ఋషులు ఏడుగా చీల్చి సముద్రానికి తీసుకెళ్ళారని కథ. తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వాసిష్ఠ. ఒక్కో పాయ కడలిలో కలిసే చోట మునిగి, భీష్మ ఏకాదశి నాటికి అంతర్వేది చేరాలి. మా మామ్మ వాళ్ళు కొంత నడిచి, కొంత పడవల మీద వెళ్ళేవారట. నేను బస్సులూ ఆటోలూ మారుతూ, కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వైపు దాటి వెళ్ళాను. దారంతా ఒకటే ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ ఏడు పాయలు ఇప్పుడు ఎక్కడున్నాయి?

తుల్యలాగే కౌశిక కూడా చాలాచోట్ల మురుగుకాలవే. ఏడింటి లెక్కలోకే రాని వైనతేయ మాత్రం ఓడలరేవు దగ్గర నిండుగా సముద్రంలో కలుస్తోంది. కథ తప్పు కాదు, నది కదిలింది.

త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రయాణించే గోదావరి, దారి పొడవునా మట్టిని మోసుకొస్తుంది. పాపికొండలు దాటి రాజమండ్రి చేరేసరికి నేల చదునవుతుంది. వేగం తగ్గిన నీరు అంత బరువు మోయలేదు. వరద ఒడ్డు దాటి పొర్లినప్పుడు బరువైన ఇసుక ఒడ్డు పక్కనే పడిపోతుంది, సన్నటి బంకమట్టి దూరంగా పోయి పేరుకుంటుంది. అందుకే డెల్టాలో ఏటి ఒడ్డు మెరక, లోపలి పొలాలు పల్లం. నది అడుగు కూడా ఏటేటా ఎత్తు పెరుగుతుంది. చివరికి ఏదో ఒక పెద్ద వరదకు ఒడ్డు తెగి, సముద్రానికి దగ్గరి దారి దొరికితే నీళ్ళు అటే మళ్ళుతాయి. పాత పాయ మెల్లగా పూడిపోతుంది. ఇప్పుడు ఏటిగట్లు నదిని అదుపులో పెడుతున్నాయి కానీ, 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఆ గట్లూ చాలాచోట్ల తెగాయి. ఆ వరద చూసినవాళ్ళకు పాయ ఎలా పుడుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

యాత్ర తిథుల్లో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. అమావాస్య రోజుల్లో సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో నీటిని లాగుతారు కాబట్టి పోటు బాగా ఎక్కుతుంది. అష్టమి వచ్చేసరికి ఇద్దరి లాగుడూ అడ్డదిడ్డమై పోటు మందగిస్తుంది. ఏకాదశి దాటి పున్నమికి వెళ్ళే కొద్దీ మళ్ళీ పుంజుకుంటుంది. పెద్దలు ఇది లెక్కవేసి తిథులు పెట్టారని నేననను. కానీ ఈ పదకొండు రోజులూ రేవుల వెంట తిరిగే మనిషి, సముద్రం ఊపిరి ఎక్కి దిగడం కళ్ళారా చూస్తాడు.

కోరంగి దగ్గర కనీసం ఒక పూట ఆగాలి. 1839 తుపాను ఉప్పెన ఆనాటి ఓడరేవును తుడిచిపెట్టేసింది. ఇప్పుడక్కడ మనల్ని పలకరించేవి మడచెట్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీలుస్తాయి. మడ ఆకు నాలుకకు ఆనించి చూడండి, ఉప్పగా తగులుతుంది. ఒంట్లోకి చేరిన ఉప్పును చెట్టు ఆకుల మీదుగా బయటికి పంపేస్తుంది. ఉప్పుపొన్న కాయ అయితే చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడుగ్గా వేలాడి, బురదలోకి జారి నాటుకుంటుంది. పోటుతో వచ్చిన ఒండ్రు ఆ వేళ్ళ మధ్య చిక్కి నిలిచిపోతుంది. ఉప్పెన వచ్చినా అలల జోరు ఈ అడవిలో కొంత విరుగుతుంది. వీటిని వంటచెరుకుగా కొట్టేయడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అంతర్వేదిలో రథోత్సవం రద్దీ దాటుకుని అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా నడిచాను. ఒకవైపు వాసిష్ఠ, ఒకవైపు సముద్రం. నదిలో విడివిడిగా తేలే మట్టి రేణువులు ఉప్పునీరు తగలగానే ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి అడుగుకు దిగుతాయి. కొత్త నేల అలా పుడుతుంది. కానీ పైన కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడంతో ఇక్కడికి వచ్చేది తగ్గింది, సముద్రం ఒడ్డును కోసుకుంటూ వస్తోంది.

మోకాలి లోతు నీళ్ళలో మునిగి లేచాను. పాదాల కింద ఇసుక అలతో పాటు జారుతోంది. పక్కన ఒక పెద్దావిడ దోసిట్లో నీళ్ళు తీసుకుని ఏడు పేర్లూ చెప్పుకుంటోంది, తుల్య దగ్గర మొదలుపెట్టి.